అత్తగారికి వచ్చిన సున్నా

పొద్దున్నే వంటింట్లో అత్తగారి చేతిలోంచి గిన్నె జారిపడింది. పాలన్నీ గచ్చు మీద పారాయి. ఆసుపత్రికి బయల్దేరిన కోడలు విసుగ్గా వెనక్కి వచ్చింది.

కీళ్ల నొప్పులవాళ్లని అడగడానికి ఇరవై ప్రశ్నల ఫారం ఒకటుంది. ఎక్కడో వృద్ధుల కోసం రాసిన ఆ ప్రశ్నలు దర్జీలకీ, మూటలు మోసేవాళ్లకీ, పాతికేళ్లవాళ్లకీ కూడా సరిపోతాయా అని పరీక్షించడమే ఆమె ఉద్యోగం. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు మార్కులు; ఎంత పెరిగితే బాధ అంత ఎక్కువన్నమాట. ఆరు నెలల కిందట భోజనాల దగ్గర అత్తగారినీ గబగబా అడిగేసింది. ఇరవైకి ఇరవై "ఇబ్బంది లేదు"లే. మార్కులు సున్నా.

"చూసి పట్టుకోవచ్చు కదా అత్తయ్యా?"

"వేళ్లు పట్టు తప్పాయమ్మా."

"వేళ్ల మీదకి నెట్టకండి. నా దగ్గరికొచ్చేవాళ్లకి నలభై, యాభై వస్తాయి. మీకు సున్నా!"

"అమ్మకేం, రాయిలా ఉంది" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండానే.

నేల తుడుస్తున్న అత్తగారి చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజూ వీడు ఇదే మాటన్నాడు. జడ వేసుకోగలరా అని అడిగావు. జుట్టు కత్తిరించేసుకున్నాక ఇంక ఇబ్బందేముంది? మెట్లెక్కగలరా అన్నావు. మేడ ఎక్కడం మానేసి రెండేళ్లయింది. స్నానం అన్నావు. మీకు అడ్డు రాకూడదని చీకటితోనే లేచి గంటసేపు చేస్తున్నాను. నేనేం అబద్ధం చెప్పలేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబుదామనుకునేసరికి నీ పెన్ను కింది ప్రశ్న మీదకి పోయేది."

కోడలు భుజాన ఉన్న బ్యాగు తీసి పక్కన పెట్టింది. అత్తగారు జుట్టు కత్తిరించుకున్న రోజున "ఈ వయసులో ఫ్యాషనా?" అని నవ్వింది తనే. ఆసుపత్రి బీరువాలో మూడు వందల ఫారాలున్నాయి. వాటిలో ఎన్ని సున్నాలు ఇలా పనులు మానుకున్నవాళ్లవో?

భర్త గదిలోకి వెళ్లిపోయాడు. కోడలు పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. "సున్నా వచ్చినవాళ్లందర్నీ మళ్లీ అడగాలి సార్. ఇవాళ నేను రాను."

తర్వాత ఆ తడి గచ్చు మీదే కూర్చుంది.

"ఎక్కడ నొప్పి అత్తయ్యా?"

"ఈ ఇంటికొచ్చాక ఈ ముక్క అడగడానికి నీకు మూడేళ్లు పట్టిందా?"

కోడలు ఆవిడ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. కణుపులు వాచి, వేళ్లు పక్కకి వంగిపోయి ఉన్నాయి. రోజూ తనకి అన్నం వడ్డించే చెయ్యి. ఒక్కనాడూ పరీక్షగా చూసింది లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తూ గట్టిగా నొక్కకు" అన్నారు అత్తగారు. "నొప్పి."

కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.