ఫోటో మీది బొట్టు

పాత సినిమా ఫోటోలకు ఖరీదు కట్టుడంటే గుర్వయ్యకు మంచినీళ్లు తాగినంత సుళువు. ఒకప్పుడు టాకీసు ముందట అద్దాల పెట్టెలో తగిలించిన ఫోటో అసలుదో నకలుదో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. వేలు తడి చేసి అంచుకు ఆనిస్తే చాలు, అసలుదైతే బంకలెక్క అంటుకుంటది. గింత తెలివి ఇచ్చిన దేవుడు ఎదుటోళ్ల మాట వినే తెలివి మాత్రం ఇయ్యలే. అదే ఆయన కొంప ముంచింది.

చిట్యాల అవతల ఒక ఊరి నుంచి నరేశ్ అనే పిలగాడు ఫోన్ చేసిండు. వాళ్ల తాత టాకీసుల ఫోటోలు తగిలించేటోడట, సందుగ నిండ ఉన్నయట. తను చౌటుప్పల్ల కంపెనీ డ్యూటీకి పోతనని, ఇంట్ల అవ్వ సోమమ్మ ఉంటదని చెప్పిండు. గుర్వయ్య పోయేసరికి ఇంకా పొద్దున్నది గని మబ్బు కమ్మి ఇల్లంత మసక మసకగ ఉంది. కరెంటు లేదు. మేకల వాసన, తడిమన్ను వాసన. సోమమ్మకు కండ్లు కానరావు. సందుగ చూపెట్టి, గూట్లె ఉన్నదాన్ని మాత్రం ముట్టకు బిడ్డా అని చెప్పి, వాన పడకముందే మేకలను కొట్టంల తోలనీకి బయటికి పోయింది.

వద్దన్నదాని మీదికి పోని చెయ్యి ఎవరికుంటది? సందుగల అన్నీ చెదలు తిన్నవే. గూట్లెది మాత్రం మెరుస్తాంది. వరుసగ నిలబడ్డ డాన్సు పిల్లలు. అందరికీ ఒకటే చీర, ఒకటే సవరం, మొఖాలకు ఒకటే రంగు. నడుమ కుండలు పట్టిన ఇద్దరిల ఒక పిల్ల నొసట మాత్రం ఎర్రగ ఇంత మరక. గా మరక లేకుంటె ఖరీదు రెండింతలు. దూదికి స్పిరిటు అద్ది మెల్లగ తుడిచిండు. మరకను చూసిండు గని మొఖం చూడలే. జాడ లేకుంట పోయింది. తన చేతిపనికి తనే మురిసి, అడుగుల సప్పుడు వినంగనే ఫోటోను మళ్ల గూట్లె పెట్టిండు.

సోమమ్మ వచ్చి తలుపు గొళ్లెం పెట్టింది. దీపం ముట్టిచ్చి, రోజూ లెక్కనే ఫోటో మీద వేలు జరిపింది. గరుకు తగిలిన కాడనే కొత్త బొట్టు పెట్టుడు ఆమెకు అలవాటు. వేలు నున్నగ జారింది. మళ్ల జరిపింది. మళ్ల...

“తుడిచినవా?”

మరకనుకున్ననని గుర్వయ్య నసిగిండు. సోమమ్మ మంచం మీద కూలబడి చెప్పింది. ఆ వరుసల ఆమె, ఆమె అక్క మల్లీశ్వరి ఇద్దరూ ఉన్నరట. సినిమా టాకీసుకు రాకముందే అక్క సచ్చిపోయింది. సచ్చినోళ్ల ఫోటోకే బొట్టు పెడతరు, బొట్టు లేకుంటె బతికున్నట్టే. బొట్టు పెట్టనన్నినాళ్లు అక్క చెల్లెను తోలుకపోనీకి ఇంటికి వచ్చేదట. పెట్టినంకనే వచ్చుడు బందయింది.

“మరి బతికున్నోళ్లకు పెడితె?” గుర్వయ్య నోరు జారిండు.

“ఆ ఫోటోల బతికున్నది నేనొక్కదాన్నే, బిడ్డా.”

వాన మొదలైంది. ఆ వానలనే గజ్జెల సప్పుడు... దగ్గరికొచ్చింది. మేకలు ఒక్కసారే మూగబోయినయ్. తలుపు మీద టక్... టక్...

ఎందుకు ముట్టిన్రా దేవుడా అనుకున్నడు గుర్వయ్య. సోమమ్మ కుంకుమ భరిణె ఆయన ముందుకు జరిపి, ముడతల చేత్తోని ఆయన ఎడమచేతి మణికట్టు గట్టిగ పట్టుకుంది.

“పెట్టు. జల్ది పెట్టు,” అన్నది గుసగుసగ.

“ఎవరికి అవ్వా?”

“నడుమ కుండ పట్టుకున్నోళ్లం మేమిద్దరమే. అక్క నా కుడిపక్క.”

గొళ్లెం కదులుతాంది. దీపం వణుకుతాంది. కుండలు పట్టిన ఇద్దరి మొఖాలూ ఒకటే. కుడిపక్క... కుడిపక్క... గుర్వయ్య కుంకుమల వేలు ముంచి, కుడిదిక్కున్న పిల్ల నొసట అద్దిండు.

దీపం ఆరిపోయింది. తలుపు సప్పుడు కూడ ఆగింది.

గుర్వయ్యకు పోయిన పానం తిరిగొచ్చినట్టయింది. ఆగింది అవ్వా అన్నడు. మణికట్టు పట్టిన చెయ్యి మాత్రం విడువలే.

అప్పుడు తలుపు అవతల, వానల నుంచి సోమమ్మ గొంతు వినబడ్డది.

“నా కుడి, బిడ్డా... నీ కుడి గాదు.”

గుర్వయ్య చీకట్లనే తన మణికట్టు తడిమి చూసుకున్నడు. పట్టుకున్న చేతి మీద ఒక్క ముడత లేదు.