సన్న వైరు

పెనం మీద దోశ కాలుతుండగా ముందు షెడ్డులోంచి పానా నేలకేసి కొట్టిన చప్పుడు వినిపించింది. ఆనందకుమారి తల తిప్పలేదు. ఆ ఇంట్లో ఈ మధ్య పొద్దు ఇట్లాగే మొదలవుతోంది. ముందు షెడ్డు, వెనక రెండు గదులు. షెడ్డులో కూతురు అబిగయీలు, వంటింట్లో తల్లి. అవసరం పడితే తప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. మాట్లాడినా అది మాటలా ఉండదు.

చిల్లకూరు దాటాక హైవే పక్కన ఉన్న ఆ షెడ్డు ఆనందకుమారి భర్త, సమాధానం అనే ఆయన, పెట్టింది. కార్లకూ లారీలకూ వైరింగు పని చేసేవాడు. పక్కన కూర్చుని సామాను అందిస్తూ ఆమె కూడా పని నేర్చుకుంది. ఆయన గుండెపోటుతో పోయినప్పుడు షాపు మూతపడుతుందని అందరూ అనుకున్నారు. సమాధుల తోట నుంచి వచ్చిన వారానికే ఆమె టెస్టరు పట్టుకుని లారీ కింద దూరింది. మేస్త్రీ లేడా అని అడిగినవాళ్లకు మేస్త్రీని నేనే అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంది. ఆ సంపాదనతోనే కూతురిని గూడూరులో ఆటోమొబైల్ డిప్లొమా చదివించింది.

ఆ కూతురే ఇప్పుడు తన పనికి వంక పెడుతోంది.

అబిగయీలు చేసేది మామూలు రిపేర్లు కాదు. పాత కార్లకు జోరు పెంచే పని. పెద్ద లైట్లు, బలమైన ఫ్యాన్లు, పెట్రోలు పంపులు బిగిస్తుంది. వాటికి కరెంటు ఎక్కువ కావాలి. స్విచ్చి చిన్న సైగ చేస్తే బ్యాటరీలోంచి పెద్ద కరెంటును పంపే రిలే అనే డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తల్లీకూతుళ్లకు చెడింది. లోపల డ్యాష్‌బోర్డు కిందే పెట్టాలంటుంది ఆనందకుమారి. ఇది సముద్రపు గాలి తగిలే చోటు, ముందు పోయే రొయ్యల లారీల నుంచి ఉప్పునీళ్లు కారి బండ్ల మీద పడతాయి, ఇంజను పక్కన పెడితే రిలే కాళ్లు పచ్చగా చిలుం పట్టిపోతాయని ఆమె వాదన. వైరు అంత దూరం తిప్పితే దారిలోనే కరెంటు నీరసపడుతుంది, బ్యాటరీ పక్కనే పెట్టి లావు వైరు పొట్టిగా వెయ్యాలని అబిగయీలు వాదన.

వాదన ఇంట్లో ఉంటే సరిపోయేది. పోయిన వారం ఒక ఆసామి కారు తెచ్చినప్పుడు, ఆనందకుమారి బిగించిన రిలేను అతని ఎదుటే పీకి, ఇదంతా పాత పని, తీసేసి కొత్తగా వేస్తానంది అబిగయీలు. ఆసామి నవ్వాడు. ఆనందకుమారి చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తన భర్త నేర్పిన పనిని, తను బతికిన పనిని, పరాయివాడి ముందు నవ్వులపాలు చేసింది తన కూతురు.

ఆ మర్నాడే ఇంకో మాట తెలిసింది. కోయంబత్తూరులో పోటీ కార్లు తయారుచేసే చంద్రమౌళి అనే ఆయన, అబిగయీలు ఫోనులో పెట్టిన వీడియోలు చూశాడు. విజయవాడ పోతూ సోమవారం మధ్యాహ్నం ఇక్కడ ఆగి, ఆమె తయారుచేసుకున్న కారు చూస్తానన్నాడు. నచ్చితే తన దగ్గర పనిలో పెట్టుకుంటాడు. ఈ సంగతి తల్లికి కూతురు చెప్పలేదు. పక్కన టైర్ల షాపు కామాక్షయ్య చెబితే తెలిసింది.

నిన్న ఆదివారం సాయంత్రం కూతురు పాటల ప్రాక్టీసుకు చర్చికి పోయినప్పుడు ఆనందకుమారి ఆ కారు బానెట్ ఎత్తింది. రేడియేటర్ ఫ్యానుకు కూతురు వేసిన లావు వైరును, పైన తొడిగిన నల్ల గొట్టంలోంచి లాగేసి, దాని బదులు సిగ్నల్ లైట్లకు వాడే సన్న వైరు ఎక్కించింది. పైకి ఏ తేడా కనబడదు. కరెంటు చాలక ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, ఆ పెద్దమనిషి ముందు ఇంజను వేడెక్కి ఆగిపోతుంది, పిల్ల తల దించుకుంటుంది. అంతవరకే ఆలోచించింది. సన్న వైరుకు తగ్గ చిన్న ఫ్యూజు వెయ్యాలని ఆమెకు తెలియక కాదు. అది వేస్తే వెంటనే పోయి, గుట్టు బయటపడుతుంది. అందుకని పెద్ద ఫ్యూజును అట్లాగే ఉంచేసింది.

దోశల పళ్లెం బల్ల మీద పెట్టి పిలిచింది. అబిగయీలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నిలబడే ఒకటి చుట్టి నోట్లో పెట్టుకుంది.

"చిట్టమూరు దాకా ఒకసారి తోలి చూసొస్తా" అంది గోడ వైపు చూస్తూ.

చంద్రమౌళి వచ్చాక షెడ్డు ముందే నడిపి చూపిస్తుందని అనుకుంది ఆనందకుమారి, కానీ ఇంత ఎండలో అంత దూరం పోతుందనుకోలేదు. "ఇప్పుడెందుకు? ఆయన వచ్చినాక చూసుకోవచ్చు గదా" అంది.

"నా కోసం ఎవురు రాబోతుండారో నీకెట్టా తెలుసు?"

"తెలుసులే."

"తెలిసినాక కూడా ఒక మంచి మాట అనాలనిపించలేదు గదా నీకు." అబిగయీలు చెయ్యి కడుక్కుంది. "నీ కాలం పనికి లారీలే దిక్కు. నాకీడ పనిలేదు. నేను పోతా."

వైరు సంగతి చెప్పేయాలనుకుని ఆగిపోయింది. పోనీ, అనుకుంది ఆనందకుమారి. పోయి దారిలో నిలబడనీ. కారు చప్పుడు హైవే మీదికెక్కి సన్నగిల్లేదాకా గడపలోనే నిలబడి, తర్వాత వెళ్లి పెనం కడగడం మొదలుపెట్టింది. కడిగిందే కడుగుతూ ఉండిపోయింది.

కామాక్షయ్య ఫోను చేసినప్పుడు ఆమెకు మొదట మాటలు అర్థం కాలేదు. కారులోంచి పొగ వచ్చిందట. అబిగయీలు దిగి బానెట్ ఎత్తగానే మంట ఎగిసిందట. అటుగా బండి మీద వస్తున్న తను చూసి, పొలం గట్టు మన్ను దోసిళ్లతో పోసి ఆర్పానన్నాడు. "పిల్ల బాగానే ఉండాది అక్కా, చెయ్యి కాలింది. ఆస్పత్రికి తెచ్చినా, నువ్వు రా" అన్నాడు.

ఆనందకుమారి ఆటోలో వెళ్లింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు కట్టించుకుని బెంచీ మీద కూర్చుని ఉంది అబిగయీలు. ముందు జుట్టు కొసలు కమిలి ఉన్నాయి. తల్లి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తే కాస్త పక్కకు జరిగింది. ఎట్లా జరిగిందని తల్లి అడగలేదు. అడగకపోవడాన్ని కూతురు గమనించింది.

కారును లాగించుకుని షెడ్డుకు తెచ్చాక, అబిగయీలు కూర్చోనైనా కూర్చోకుండా ఎడమ చేత్తో కత్తి తీసుకుని, కాలగా మిగిలిన నల్ల గొట్టాన్ని నిలువునా చీల్చింది. లోపల కరిగి ముద్దయిన సన్న నీలం వైరు. రిలే దగ్గర ముడి మాత్రం కాలలేదు. వైరును మడిచి, రెండు సార్లు మెలిపెట్టి, పైన టేపు చుట్టిన ముడి. ఈ చుట్టుపక్కల అట్లా ముడి వేసేది ఒక్కరే.

చాలాసేపు దాన్నే చూసింది.

"నువ్వే" అంది చివరికి.

కాదని అబద్ధం చెప్పడానికి ఆ ముడి అడ్డంగా ఉంది. "నేనే" అంది ఆనందకుమారి.

"పెద్ద ఫ్యూజు అట్నే ఉంచినావు."

"ఉంచినా."

"వైరు కాలతాదని తెలిసి."

"ఇంజను వేడెక్కి నిలిచిపోతాదనుకున్నా. మంట వస్తాదనుకోలేదు, అబీ."

"అనుకోలేదా? నాకు పని నేర్పించేటప్పుడు మొదటి రోజు ఏం చెప్పినావు? సన్న వైరుకు పెద్ద ఫ్యూజు వేసినోడు మనిషిని చంపినోడితో సమానమని చెప్పింది నువ్వు గాదా?" అబిగయీలు గొంతు పెరగలేదు. అదే ఎక్కువ భయపెట్టింది ఆనందకుమారిని. "నన్ను ఆపాలంటే పోవద్దని ఒక మాట అడిగుండచ్చు గదమ్మా."

"అడిగితే ఆగేదానివా?"

"ఆగేదాన్ని గాదు. పోట్లాడి పోయేదాన్ని. కానీ నాకొక అమ్మ ఉండాదని అనిపించేది."

ఆనందకుమారి అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చుంది. క్షమించమందామంటే, చేసిన పనికి ఆ మాట మరీ చిన్నదిగా అనిపించింది.

ఇంతలో అబిగయీలు ఫోను మోగింది. చంద్రమౌళి. నాయుడుపేట దాటాను, దారి చెప్పమంటున్నాడు. అబిగయీలు కళ్లు తుడుచుకుని, కారు కాలిపోయిందని, చూడడానికి ఏమీ లేదని చెప్పింది. ఎందుకు కాలిందని ఆయన అడిగినట్టున్నాడు. ఆమె తల్లి వైపు ఒకసారి చూసి, "మా షాపులోనే వైరు తప్పు పడింది సార్" అంది. ఎవరు వేశారని మళ్లీ అడిగితే, "అది నా కారు సార్. ఏ తప్పయినా నాదే" అని పెట్టేసింది.

తల్లి పేరు ఎత్తలేదు. అంత కోపంలో, కాలిన చేత్తో, బతుకు మలుపు తిప్పే పని పోతుంటే కూడా ఎత్తలేదు. పోయిన వారం ఆ ఆసామి నవ్వినప్పుడు తనకు ఎంత మండిందో, ఈ పిల్లకు ఇప్పుడు అంతకు ఎన్ని రెట్లు మండాలి? ఆనందకుమారికి ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, కూతురి ఫోను తీసుకుని అదే నంబరుకు చేసింది. అబిగయీలు అడ్డుపడలేదు.

"అయ్యా, నేను ఆ పిల్ల తల్లిని. ఆగి కారు చూసిపోండి. కాలింది కాబట్టే చూడమంటున్నా" అంది.

చంద్రమౌళి వచ్చాడు. పెద్దగా మాటలు చెప్పే మనిషి కాదు. ఆనందకుమారి ఆయన్ను కారు దగ్గరికి తీసుకెళ్లి, బల్ల కింద దాచిన లావు వైరు తీసి చూపించింది. నా బిడ్డ వేసింది ఇది, నిన్న సాయంత్రం దాన్ని పీకి సన్న వైరు వేసింది నేను, తను మీ దగ్గరికి రాకూడదని వేశాను, అని ఒక్కో ముక్కా చెప్పింది. అప్పుడే టైర్ల షాపు నుంచి వచ్చిన కామాక్షయ్య వింటూ ఉండిపోయాడు. అతని ముందు చెప్పడానికి ఆమె వెనకాడలేదు.

చంద్రమౌళి కాలిన చోట వేలితో గీరి చూశాడు. కాలని వైపున అబిగయీలు చేసిన పనంతా వంగి వంగి చూశాడు. వైరు లెక్క సరిగ్గా ఉందన్నాడు. రిలే ఉన్న చోటు బాగుందిగానీ, ఈ ఉప్పుగాలికి పైన మూత, కింద రబ్బరు లేకపోతే నిలవదన్నాడు. మీ అమ్మను అడిగుంటే చెప్పేది గదా అని కూడా అన్నాడు. అబిగయీలు నేల చూపు చూసింది. చెయ్యి మానాక, కారు మళ్లీ తయారుచేసుకుని కోయంబత్తూరుకు నడుపుకుంటూ రమ్మని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

వారం రోజులు ఇంట్లో పలుకు లేదు. అబిగయీలు తన అన్నం తనే వడ్డించుకుంది. తల్లి కట్టు మార్చబోతే కామాక్షయ్య భార్య దగ్గరికి పోయి మార్పించుకుంది. ఆనందకుమారి బతిమాలలేదు. పొద్దున్నే లేచి కాలిన వైర్లన్నీ ఒక్కొక్కటే విప్పి, ఇంజను చుట్టూ అంటిన మసి కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ కూర్చుంది.

ఒక సాయంత్రం అబిగయీలు వచ్చి కారు పక్కన నిలబడింది. ఒంటి చేత్తో వైరు చివర ఒలవబోయి, కుదరక విసిరేసింది. ఆనందకుమారి దాన్ని తీసి, రెండు చేతులతో బిగించి పట్టుకుంది. కూతురు కట్టర్ అందుకుని ఒలిచింది. ఆ తర్వాతి వైరుకు అడగకుండానే తల్లి చేతులు చాచింది. అట్లా కొంత పని సాగాక ఆనందకుమారి కళ్లనీళ్లు చేతుల్లోని వైరు మీద పడ్డాయి.

"నీ మీద కోపం తగ్గలేదు" అంది అబిగయీలు, ఒలవడం ఆపకుండా.

"తగ్గొద్దులే. నేను చేసింది అట్టాంటిది. నువ్వు పో తల్లీ. కారు అయిపోతానే పో."

అబిగయీలు కట్టర్ కింద పెట్టింది. కట్టున్న చేతి వేళ్లతో తల్లి చెంప తుడిచి, ఆ వేళ్లను తన చొక్కాకు రాసుకుంది.

"కోపం మీద పోతే మళ్లీ రాలేనమ్మా" అంది. "తగ్గినాకే పోతా. అందాకా ఈడనే ఉంటా."