నీలం కన్నం, గులాబీ కన్నం

"అక్కా, అది కాదేమో!"

షాదీ కంప్యూటర్ వెనక్కి దూరి మరీ అరిచాడు. రీహామ్ వినిపించుకోలేదు. ఆమె చేతిలో క్యాసెట్ ప్లేయర్ వైరు ఉంది. కంప్యూటర్ వెనక మూడు చిన్న కన్నాలున్నాయి. ఆకుపచ్చ దాంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టాలని ఆమెకు తెలుసు. ఇక మిగిలినవి గులాబీ రంగుది, నీలం రంగుది.

"గులాబీ దాని పక్కన మైకు బొమ్మ ఉందక్కా. మన దగ్గర మైకు లేదుగా!"

"మైకు దేనికి? గొంతుకి. క్యాసెట్‌లో ఉన్నదేంటి? తాతయ్య గొంతు. నువ్వు మూడో క్లాసు, నేను ఆరో క్లాసు. ఇక నోరు మూస్తావా?"

రీహామ్ వైరును గులాబీ కన్నంలో గుచ్చేసింది. తనకు తెలియనిది లోకంలో లేదనుకునే వయసు మరి.

అది ఏదో పాటల క్యాసెట్ కాదు. తాతయ్య బాగ్దాద్‌లో తాపీ పని చేస్తున్నప్పుడు, ఉత్తరం రాయడం రాక, మాట్లాడి పంపినది. అప్పట్లో వాళ్ళ ఊరు మన్సూరాలో, వాళ్ళ వీధిలో చాలా ఇళ్ళకు ఉత్తరాలు అలాగే వచ్చేవి. తాతయ్య ఇప్పుడు లేడు. ఆయన గొంతు మిగిలింది ఈ ఒక్క క్యాసెట్‌లోనే. టేపు తెగిపోయి ఇరవై ఏళ్ళయింది. మొన్ననే రిపేరు షాపు సబ్రీ మామ దాన్ని అతికించాడు.

"ఒక్కసారి తిరుగుతుంది. రెండోసారికి నా పూచీ లేదమ్మా" అని ముందే చెప్పాడు.

అందుకే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తానని రీహామ్ మాటిచ్చింది. ఈ రోజు శుక్రవారం. నమాజు కాగానే బాబాయిలూ మేనత్తలూ భోజనానికి వస్తారు. నానమ్మ వంటింట్లో క్యాబేజీ ఆకుల్లో బియ్యం చుడుతూ పొద్దుటి నుంచి నాలుగుసార్లు అడిగింది, "అయిందా తల్లీ?" అని.

రీహామ్ ప్లే నొక్కింది. తెర మీద గీతలు ఎగిరాయి, ఎర్రగా, పై అంచుకు తగిలేంత ఎత్తుగా.

"చూశావా, ఎంత గట్టిగా వస్తోందో!"

ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోలేదు. తాతయ్య గొంతు అందరితో కలిసి మొదటిసారి వినాలని ఆమె ఆశ.

ఇరవై నిమిషాలకు టేపు అయిపోయి టక్కున ఆగింది. ఎలా వచ్చిందో ఒక్క ముక్క చూద్దామని రీహామ్ ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుంది.

గర్‌ర్‌ర్... డొక్కు లారీ వంతెన ఎక్కుతున్నట్టు ఒకటే మోత. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఒక్క మాటా తెలియడం లేదు.

"పాడైపోయిందా?" అన్నాడు షాదీ, గుసగుసగా.

"అయిందా తల్లీ?" వంటింట్లోంచి నానమ్మ కేక.

'టేపు పాతది నానమ్మా, అందుకే ఇలా వచ్చింది.' ఆ మాట రీహామ్ నాలుక చివర సిద్ధంగా ఉంది. అందరూ నమ్ముతారు. మహా అయితే సబ్రీ మామను నాలుగు మాటలు అంటారు. నిజం తెలిసింది షాదీ ఒక్కడికే.

షాదీ గులాబీ కన్నం వైపే చూస్తున్నాడు. రీహామ్‌కు సిగ్గేసింది. లేచి వంటింట్లోకి నడిచింది.

"నానమ్మా, తప్పు నాదే. వైరు వేరే కన్నంలో పెట్టాను. షాదీ చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు. ఇప్పుడు మళ్ళీ తిప్పాలి. తెగిపోతే..."

ఏడుపు వచ్చేసింది.

నానమ్మ చేతిలోని ఆకు పక్కన పెట్టింది. తర్వాత చేతులు కడుక్కుంది.

"పద. ఈసారి తొందరపడకు" అంది.

రీహామ్ ముందుగా ఒక పాత పాటల క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టింది. టార్చిలైటు తెచ్చి షాదీ చేతికిచ్చింది.

"నువ్వే చూసి చెప్పరా. ఏది?"

"నీలంది. దాని పక్కన లోపలికి పోయే బాణం ఉంది."

వైరు నీలం కన్నంలోకి వెళ్ళింది. పాట శుభ్రంగా వినిపించింది. గీతలు ఆకుపచ్చగా, సగం ఎత్తులోనే ఆడాయి. అప్పుడు తాతయ్య క్యాసెట్‌లో పెన్సిల్ దూర్చి, మెల్లమెల్లగా మొదటికి చుట్టింది. ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి నానమ్మ చెవిలో, రెండోది తన చెవిలో పెట్టింది. ప్లే నొక్కింది.

సుయ్‌మని శబ్దం. అతుకు ఉన్నది మొదట్లోనే. ముగ్గురూ టేపు వైపే చూశారు.

టిక్. అతుకు దాటింది. టేపు తెగలేదు.

"హనియ్యా, నేనే. నవ్వకూడదు మరి! పొద్దున అరగంట మాట్లాడాను. తీరా చూస్తే రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కనే లేదు. పక్క మంచం అతను చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు. సరే, మళ్ళీ మొదటి నుంచి చెప్తాను..."

తనను పేరు పెట్టి పిలిచిన ఆ గొంతు విని నానమ్మ నవ్వింది. నవ్వుతూనే ముసుగు అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏమంటున్నాడు? తాతయ్య ఏమంటున్నాడు?" షాదీ గంతులేస్తున్నాడు.

రీహామ్ తన చెవిలోది తీసి తమ్ముడి చెవిలో పెట్టింది.

"నువ్వు విను. నేను గీతలు చూస్తుంటాను. ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే చెప్పు."