మొరీల్ పైపులో మసి

డిసెంబరు వచ్చిందంటే సేంక్లోడ్‌లో మధ్యాహ్నం మూడింటికే సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతాడు. ఊరు రెండు కొండల నడుమ ఇరుక్కుని ఉంటుంది. అడుగున బియెన్ ఏరు, ఏటి పొడుగునా పొగపైపులు చేసే కార్ఖానాలు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు పైపులు చెక్కుతారు, లేదంటే మెరుగు పెడతారు, లేదంటే పెట్టెల్లో సర్ది రైలెక్కిస్తారు. ఆన్సెల్మ్ పని వేరు. జనం వాడి వాడి పాడుచేసుకున్న పైపుల్ని అతను బాగుచేస్తాడు.

అతని గది కార్ఖానా చివర, ఏటి వైపు కిటికీతో ఉంటుంది. దేశం నలుమూలల నుంచీ అక్కడికి పోస్టులో పైపులు వస్తాయి. కొన్నిటికి గొట్టం చివర పళ్ళతో కొరికేసి ఉంటుంది. కొన్ని జిడ్డు పట్టి మూసుకుపోయి ఉంటాయి. చాలావాటికి గిన్నె లోపల మసి పేరుకుపోయి పొగాకు పట్టడానికి చోటే ఉండదు. ఆ మసి మొత్తం చెత్తేననుకుని జేబుకత్తితో గీకేసేవాళ్ళంటే అతనికి ఒళ్ళు మంట. గోడ చుట్టూ నాణెం మందాన మసి ఉండాలి. అది లేకపోతే నిప్పు నేరుగా కట్టెను తినేస్తుంది. మరీ ఎక్కువైతే వేడికి ఉబ్బి గిన్నెను చీల్చేస్తుంది. గీకడం ఎవరైనా వారంలో నేర్చుకోవచ్చు. ఎక్కడ ఆపాలో చేతికి తెలియడానికే అతనికి పదేళ్ళు పట్టింది.

ఆ సోమవారం అతని బల్ల మీద ఉన్న పైపు పోస్టులో వచ్చింది కాదు. ముందురోజు చర్చి నుంచి వస్తుంటే లియోనీ ఇచ్చింది. జేబురుమాల్లో చుట్టి చేతిలో పెట్టి, "శుభ్రం చేసుకుని నువ్వే కాల్చుకో" అంది. 

వచ్చే శనివారం వాళ్ళిద్దరి పెళ్ళి. అతనికి నలభై ఆరు, ఆమెకు నలభై. ఆ పైపు ఆమె మొదటి భర్త మొరీల్‌ది. మొరీల్ ఆ కార్ఖానాలోనే పైపులు చెక్కేవాడు, ఆన్సెల్మ్‌కి స్నేహితుడు. తన కోసం దాచుకున్న మంచి వేరుదుంగలోంచి ఆ పైపు చేసుకున్నాడు. దాని మీద కట్టె గీతలు మంటల్లా పైకి లేచి ఉంటాయి. ఊళ్ళో అంత అందమైన పైపు ఇంకొకటి లేదని అందరూ అనేవాళ్ళు.

మొరీల్ పోయి మూడేళ్ళవుతోంది. ఓ ఫిబ్రవరి పొద్దున వేరుదుంగల బస్తాలు మోసుకుంటూ ఇద్దరూ ఏటి మీది ఇనపవంతెన దాటుతున్నారు. వంతెనంతా మంచు గడ్డకట్టి ఉంది. మొరీల్ జారాడు. పక్కనున్న కమ్మీ ఊడొచ్చింది. ఆన్సెల్మ్ బోర్లా పడి అతని మణికట్టు పట్టుకున్నాడు. మొరీల్ కేకలు వెయ్యలేదు. పైకి చూసి, మామూలు గొంతుతోనే, "పట్టుకో ఆన్సెల్మ్" అన్నాడు.

చెయ్యి జారిపోయిందని ఆన్సెల్మ్ అందరికీ చెప్పాడు. అందరూ అతని భుజం తట్టారు, నువ్వు మాత్రం ఏం చేస్తావన్నారు. చెయ్యి జారలేదు. అతను వదిలేశాడు. తనూ పడిపోతానని భయపడ్డాడో, లియోనీ అంటే అప్పటికే ఇష్టం ఉండడం వల్లో, ఆ క్షణంలో ఏం జరిగిందో ఈ మూడేళ్ళలో అతనే తేల్చుకోలేకపోయాడు.

నాలుగున్నరకి మెరుగు పెట్టే గదిలోంచి జెర్మెన్ వచ్చింది. అరవై దాటిన మనిషి. జుట్టుకి గుడ్డ, గుడ్డ మీద ఎర్రటి పొడి.

"ఏరా పెళ్ళికొడుకా, ఇంటికి పోవా?"

"ఇదొక్కటీ చూసుకుని పోతా అక్కా."

ఆమె వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. "మొరీల్‌ది కదూ?"

"లియోనీ ఇచ్చింది."

"వాడి పెళ్ళాం, వాడి పైపు. వాడి చెప్పులు కూడా అడక్కపోయావా, నీకు సరిపోతాయేమో." అలా అనేసి, మరీ ఎక్కువన్నాననుకుందేమో, అతని చెంప మీద చేత్తో తట్టింది. "ఉప్పు దండిగా వెయ్యి. లోపలివాణ్ణి పూర్తిగా పంపించెయ్. వాడు పొగాకులో రేగుపళ్ళ సారా చిలకరించుకునేవాడు, నీకు గుర్తుందో లేదో. ఆ వాసన అంత తొందరగా వదలదు."

ఎవరైనా ఏళ్ళ తరబడి కాల్చిన పైపులో వాళ్ళ పొగాకు రుచి ఉండిపోతుంది. కొత్తగా ఎవరు ఏం నింపి కాల్చినా ఆ పాతదే నోటికి తగులుతుంది. దాన్నే అక్కడి పనివాళ్ళు లోపలివాడు అంటారు. గిన్నెలో ఉప్పు నింపి, సారా పోసి, ఒక రోజంతా ఉంచితే లోపలివాడు ఉప్పులోకి దిగి వచ్చేస్తాడు.

"నాకా అక్కా పాఠాలు?" అన్నాడు ఆన్సెల్మ్.

"నీకే" అని జెర్మెన్ వెళ్ళిపోయింది. ఆమె చెక్క చెప్పుల చప్పుడు నడవా చివరిదాకా వినిపించింది. తర్వాత పెద్ద తలుపు పడింది. కార్ఖానాలో యంత్రాలు తిప్పే తోలుపట్టాలు తిరగడం ఎప్పుడో ఆగిపోయింది. ఏటి హోరు ఒక్కటే మిగిలింది.

అతను దీపం దగ్గరకి లాక్కుని గిన్నెలో చూపుడువేలు పెట్టబోయాడు. వేలి కొన కూడా దూరలేదు. చిటికెనవేలు పెట్టి చూశాడు. లోపలి గోడ మెత్తగా, తడితడిగా తగిలింది. అతను వేలు బయటికి తీసి చూసుకున్నాడు. నల్లగా అంటుకుంది.

మూడేళ్ళు సొరుగులో పడి ఉన్న మసి అలా ఉండదు. గాజులా గట్టిపడిపోతుంది. గోటితో గీస్తే రాలదు. దీన్ని ఎవరో వారం లోపలే కాల్చారు.

లియోనీ తమ్ముడు కాల్చాడేమో అనుకున్నాడు. అతను ఊళ్ళో లేడని వెంటనే గుర్తొచ్చింది. పోనీలే అనుకుని గీకే పనిముట్టు తీసుకున్నాడు. దానికి నాలుగు రెక్కలుంటాయి. గిన్నెలో దించి, బలం పెట్టకుండా, చేతి బరువు మీదే తిప్పాలి. తిప్పాడు. మసి పొడిపొడిగా కాగితం మీద రాలింది. కాసేపటికి రెక్కల కింద చప్పుడు మారింది. గరగర పోయి సన్నగా, పొడిగా వినిపించింది. అక్కడ ఆపాడు. గోడ చుట్టూ నాణెం మందాన, ఎక్కడా హెచ్చుతగ్గుల్లేని పొర మిగిలింది. గొట్టంలోంచి తీగకుంచె నాలుగుసార్లు పోనిచ్చి జిడ్డు లాగాడు. ఉప్పు నింపాడు. బొట్టుబొట్టుగా సారా పోశాడు. పైపును చెక్క దిమ్మకి ఆనించి నిలబెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

నీళ్ళ తొట్టి గది బయట, నడవాలో ఉంది. నీళ్ళు మంచుకన్నా చల్లగా ఉన్నాయి. అతను వేళ్ళు రుద్దుకుంటుంటే వెనక నుంచి ఏదో వినిపించింది.

గుర్... గుర్...

ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. జిడ్డు అడ్డం పడిన పైపును ఎవరైనా పీలిస్తే అలాగే గురగురమంటుంది. అతను తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చప్పుడు ఆగింది. ఎవరో తృప్తిగా ఊపిరి వదిలినట్టయింది.

గదిలోకి వచ్చేసరికి ఎవరూ లేరు. కిటికీ మూసే ఉంది. బయట మంచు పడుతోంది. పైపు పెట్టినచోటే ఉంది. ఉప్పు మాత్రం నల్లబడిపోయింది. ఒక రోజంతా పట్టే పని... చేతులు కడుక్కొచ్చేలోగా అయిపోయింది.

ఉప్పును కాగితం మీద బోర్లించాడు. తడి లేదు. కాలిపోయిన ఉప్పులా పొడిపొడిగా రాలింది. గిన్నె వెచ్చగా ఉంది. రేగుపళ్ళ సారా వాసన గుప్పుమంది.

గిన్నెలో వేలు పెట్టాడు. కొన కూడా దూరలేదు.

ఇందాక తను గీకిన మసి కాగితం మీద కుప్పగా అలాగే ఉంది. అతను దాని వంక చూశాడు, గిన్నె వంక చూశాడు. మళ్ళీ పనిముట్టు దించాడు. ఈసారి చెయ్యి తేలిగ్గా ఆడలేదు. బలం పెట్టి తిప్పాడు. మసి రాలింది, పక్కన రెండో కుప్ప అయింది. దీపం కింద పట్టి చూస్తే గిన్నె ఇంకా ఇరుకైంది. పెన్సిలు పట్టేంతే ఉంది.

మళ్ళీ తిప్పాడు. అగ్గిపుల్ల పట్టేంతయింది.

దీపం సన్నగిల్లింది. ఏటి హోరు వినిపించడం లేదని అతనికి అప్పుడు తెలిసింది. పనిముట్టు పైకి లాగబోయాడు. రాలేదు. పైపును మోకాళ్ళ మధ్య ఇరికించి లాగాడు. అది ఇంకాస్త లోపలికి దిగింది. మళ్ళీ ఇంకాస్త. లోపలినుంచి ఎవరో పట్టుకుని వేలాడుతున్నట్టుంది.

ఆ బరువు అతనికి తెలుసు. సరిగ్గా ఆ బరువే. భుజం కీలు దగ్గర, ముంజేతి నరాల్లో, అచ్చం అలాగే. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పిడి వదిలేస్తే అయిపోతుంది. వేళ్ళు తెరిస్తే చాలు...

"పట్టుకో ఆన్సెల్మ్."

గట్టిగా కాదు. చెవి పక్కన కూడా కాదు. చేతిలో ఉన్న గిన్నెలోంచి, పొగ వచ్చినట్టు వచ్చింది.

అతను వదల్లేదు. కళ్ళు మూసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పిడి అంచు అరచేతిని కోసింది. భుజంలో ఏదో పుటుక్కుమంది. ఏడుస్తున్నాడో ఏమిటో అతనికే తెలియలేదు. "పట్టుకున్నా... పట్టుకున్నా..." అని మాత్రం అంటున్నాడు. ఎంతసేపో తెలియదు.

చేతిలో బరువు పోయింది. పనిముట్టు మెత్తగా బయటికి వచ్చేసింది. ఏరు మళ్ళీ హోరుమంది. అతను పైపును దీపం దగ్గర పెట్టి చూశాడు. గిన్నె శుభ్రంగా ఉంది. గోడ చుట్టూ నాణెం మందాన, నున్నగా, ఎక్కడా హెచ్చుతగ్గుల్లేకుండా పొర ఉంది. అంత బాగా అతని చేత్తో ఎప్పుడూ రాలేదు.

*

చర్చి గంట ఆరు కొడుతుండగా లియోనీ ఇంటి తలుపు తట్టాడు. ఆమె చారు మరిగిస్తోంది. వంటగదిలో ఉల్లిపాయా, కరిగిన జున్నూ వాసన. అతని మొహం చూసి పొయ్యి దగ్గరకి కుర్చీ లాగింది.

అతను కూర్చోలేదు. ఒంటిమీది కోటు విప్పలేదు. పైపును బల్ల మీద పెట్టాడు.

"లియోనీ, నీకో మాట చెప్పాలి. విన్నాక శనివారం సంగతి నీ ఇష్టం."

"చెప్పు."

"ఆ రోజు వంతెన మీద... చెయ్యి జారలేదు. నేనే వదిలేశాను."

ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. చారు బుడగలు కక్కుతోంది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు గరిటె విసురుతుంది అని అతను చూస్తున్నాడు.

"తెలుసుగా" అంది.

"ఎలా తెలుసు?"

లియోనీ అతని వైపు తిరిగింది. ఆమె కళ్ళలో కోపం లేదు. కాస్త విసుగు మాత్రం ఉంది. "మళ్ళీ మొదటికొస్తావేంటి ఆన్సెల్మ్? మొన్న గురువారం నువ్వే చెప్పావు. ఇక్కడే కూర్చుని చెప్పావు. ఏడ్చావు. నేనూ ఏడ్చాను. రాత్రంతా ఆలోచించి, పొద్దున ఒక నిర్ణయానికొచ్చి, ఆదివారం ఆ పైపు నీ చేతిలో పెట్టాను. ఇంకెన్నిసార్లు క్షమించమంటావు?"

"గురువారం నేను ఊళ్ళో లేను."

"వేళాకోళం చెయ్యకు. ప్రయాణం మానుకున్నానన్నావుగా."

"బెజాన్సోన్‌లో ఉన్నాను. పెళ్ళి కాగితాల కోసం వెళ్ళాను కదా. అక్కడే మా అక్కయ్య ఇంట్లో పడుకుని శుక్రవారం సాయంత్రం రైలుకి వచ్చాను."

"నువ్వు రెండు గిన్నెల చారు తాగావు" అంది లియోనీ, మెల్లగా. "సొరుగులోంచి ఆ పైపు తీసుకున్నావు. పొగాకు నింపుకుని, ఆ కుర్చీలో కూర్చుని కాల్చావు. నువ్వు కాల్చడం చూసి నాకు... అతని పైపని నేనేమీ అనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చాలాసేపు నన్ను చూశావు."

"నువ్వు చూసింది నన్నేనా?"

"నిన్ను కాకపోతే ఎవర్ని?"

 ఆమె గరిటె పక్కన పెట్టి తడిచేతులు గౌనుకి తుడుచుకుంది. ఏదో గుర్తొచ్చినట్టు తలుపు వెనక్కి వెళ్ళింది.

"అబద్ధమైతే ఇదేంటి మరి? ఆ రోజు మర్చిపోయి వెళ్ళావు. ఆదివారం నీకిద్దామనుకుని నేనూ మర్చిపోయాను."

మేకు మీంచి ఓ కోటు తీసి అతని చేతికిచ్చింది. బూడిదరంగు ఉన్నికోటు. ఎడమ మోచేతి దగ్గర గోధుమరంగు మాసిక. ఆ మాసిక పోయిన నెల లియోనీ తన చేత్తో వేసిందే. మూలన దారం ముడి పెద్దదైపోతే ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

అప్పుడు ఆమె అతని ఒంటిమీదున్న కోటును చూసింది. ఎడమ మోచేతిని చూసింది. ముడిని చూసింది. ఆమె చెయ్యి మెల్లగా నోటి మీదకి వెళ్ళింది.

ఆన్సెల్మ్‌కి ఉన్నది ఒక్కటే కోటు.

చేతిలో ఉన్నదాన్ని వదిలెయ్యాలనుకున్నాడు గానీ వేళ్ళు విచ్చుకోలేదు. గురువారం నుంచి ఆ తలుపు వెనక, మంచుగాలి సందుల్లోంచి కొట్టే ఆ చలిగోడకి వేలాడిన కోటు అది. లోపలి గుడ్డ రేగుపళ్ళ సారా వాసనేస్తోంది, ఇంకా వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే విప్పి ఇచ్చినట్టు.