ముత్తవ్వ రెండో కొలత

2008లో నేను నిజామాబాద్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌ని. నాకు పని నేర్పింది ఆత్మారామన్న. బోధన్‌లో మా ఇంటికొచ్చి, మా బాపుతో మాట్లాడి, నన్ను వెంటబెట్టుకుపోయిన మనిషి. ఆయన మాటంటే నాకు రాసిపెట్టినట్టే.

ఆ ఏడాది ఆయన ఒక పరిశోధన మొదలుపెట్టాడు. మా ఎమ్మారై మిషన్ మెదడు బొమ్మ తీయడమే కాదు, లోపలి రసాయనాలు ఎంతెంత ఉన్నాయో కొలిచేది. తెర మీద గీత కొండల్లా లేచేది. అన్నిటికంటే ఎత్తయిన కొండ, నరాల కణాలు బతికున్నాయని గుర్తు. లాక్టేట్ అనే రసాయనం కొండ లేచిందంటే లోపల ఏదో చెడుతోందని. అయితే ఆ అంకెల్ని నమ్మొచ్చా? ఒకే మనిషిని నెల తేడాతో రెండుసార్లు కొలవాలి. రెండూ కలిస్తే నమ్మొచ్చు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావాలన్నాడు. నేను కోటగిరి పోయి అడిగితే, బీడీలు చేసే ముత్తవ్వ ఒప్పుకుంది.

"గా గొట్టంల పండుకుంటె ఏమన్న అయితదా బిడ్డా?"

"ఏం గాదవ్వా. తేడా ఏమన్న ఉంటె మొదలు నీకే చెప్త."

ఆమె మొదటి కొలతలో లాక్టేట్ లేచింది. ఆత్మారామన్నకు చూపించాను.

"కదిలి ఉంటది. లేకుంటె మిషన్ తప్పు," అన్నాడు.

"మన సెంటర్ డాక్టర్ సాబ్‌కు చూపిద్దామన్నా."

"నేను చూపిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

నేను ఫికర్ చెయ్యలేదు. ముత్తవ్వకు ఏమీ చెప్పలేదు.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ అప్పటికే పది రోజులుగా చెడిపోయి ఉంది. పేషెంట్లంతా వెళ్లిపోయారు. మిషన్‌ని చల్లబరిచే పంపు కూడా ఆగిపోయి, సెంటరంతా నిశ్శబ్దం. అప్పుడు ముత్తవ్వ బిడ్డ రేణుక వచ్చింది.

"మా అవ్వను రెండోపారి రమ్మన్నరట గదన్నా. రాదని చెప్పనీకి వచ్చిన. తలకాయ నొస్తది, నొస్తది అనుకుంటనే పోయింది. పందొమ్మిది దినాలాయె."

ఆమె వెళ్లాక రిజిస్టర్ తెరిచాను. ముత్తవ్వ, రెండో కొలత. నాలుగు రోజుల కిందటి తారీఖు. మొదటి కొలతలోని లాక్టేట్‌నీ కొట్టేసి, రెండూ చక్కగా కలిసేటట్టు అంకెలు వేసి ఉన్నాయి. కింద నా సంతకం. నేను పెట్టింది కాదు.

ఆత్మారామన్న స్కాన్ రూం పక్కన, తెర ముందరి కుర్చీలోనే ఉన్నాడు. రిజిస్టర్ ముందు పెట్టాను. ఆయన తల దించుకోలేదు.

"మళ్ల ఎవలస్తరు తమ్మీ? అందరియి గట్లనే నింపిన. నా సంతకమైతె నన్ను అడుగుతరు."

"డాక్టర్ సాబ్‌కు చూపించినవా, ముత్తవ్వది?"

ఆయన రిజిస్టర్ మూసి పక్కకు జరిపాడు.

అప్పుడు వినపడింది. స్కాన్ రూంలో… టక్. టక్. టక్. మిషన్ కొలిచేటప్పుడు వచ్చే చప్పుడు.

కరెంటు లేదు.

నా వెనక తెర వెలిగింది. ముత్తవ్వ పేరు. రెండో కొలత నడుస్తున్నట్టు రాసి ఉంది. స్కాన్ రూం కిటికీ అద్దంలోంచి చూశాను. కరెంటు పోగానే బయటికి లాగిపెట్టిన బల్ల గొట్టం లోపలికి పోయి ఉంది. తడిపిన బీడీ ఆకు వాసన గదిలో కమ్ముకుంటోంది.

తెర మీద గీత కదిలింది. బతుకు కొండ ఉండాల్సిన చోట… నేల. లాక్టేట్ మాత్రం లేస్తోంది. లేస్తూనే ఉంది.

గొట్టంలో పడుకున్నవాళ్ల మాట వినిపించే స్పీకర్లో చిన్న గురగుర. తర్వాత, గుసగుసగా…

"మొదలు నాకే చెప్తనంటివి… బిడ్డా…"

ఆత్మారామన్న లేచాడు. నా చెవి దగ్గర అన్నాడు, "పిలిచింది నువ్వే గద."

బయటికి నడిచి తలుపేసుకున్నాడు. గొళ్లెం పడ్డ చప్పుడు విన్నాను.

తలుపు బాదాను. "అన్నా… తియ్యన్నా…" అవతల ఆయన ఊపిరి వినపడుతూనే ఉంది. తియ్యలేదు. కొలతకు ఏడు నిమిషాలు పడుతుంది. ఏడు నిమిషాలూ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను… ముందరున్న దానికంటే వెనకున్న ఊపిరే నన్ను ఎక్కువ వణికించింది.

కరెంటు వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. తలుపు తెరిచేసరికి ఆయన లేడు.

మర్నాడు పని మానేసి కోటగిరి పోయాను. ఉన్నదంతా రేణుకకు చెప్పాను. బీడీల చేట ఒళ్లో పెట్టుకుని చివరిదాకా వింది.

"అప్పుడే చెప్తె దవాఖానకు తోల్కపోదునన్నా," అంది. అంతే. లేచి లోపలికి పోయింది.

ఆత్మారామన్న పరిశోధనకు మంచి పేరొచ్చింది. రెండేళ్లకు ఆ మిషన్‌ని వేరే ఊరి సెంటర్ వాళ్లు కొనుక్కున్నారు. అక్కడి టెక్నీషియన్ పోశన్న ఎట్లనో నా నంబర్ పట్టి ఫోన్ చేశాడు.

"ముత్తవ్వ అని పేరున్నదన్నా ఇందుల. తీసేస్తె మళ్ల వస్తున్నది. పొద్దున మిషన్ సురువు చేసేసరికి కొత్త కొలత ఉంటది. మూడు నెలల సంది రోజుకొక్కటి."

ఫోన్ చెవికి ఆనించుకుని అడిగాను. "అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయా?"

"మొదట్ల గట్లనే ఉండె. నరాల కణాల కొండ అసలే లేకుండె." గొంతు తగ్గించాడు. "ఇప్పుడు… గా కొండ రోజుకింత లేస్తున్నదన్నా."