మజాన్నా కడుపులో చీటీ

మొదటిసారి ఆమె మా కాగితాల షాపులోకి వచ్చినప్పుడు వెంట ఆరుగురు పిల్లలున్నారు. ఆరుగురికీ పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇది మీరు అమ్మిందేనా?" అంటూ ముడతల కాగితం చుట్ట ఒకటి బల్ల మీద పడేసింది.

"మాదేనండీ."

"తడి తగిలితే రంగు దిగుతుందని చెప్పొద్దూ?"

"కాగితాన్ని నాకుతారని నేనేమైనా కలగన్నానా?"

"నాలుగేళ్ల పిల్లలండీ! గ్లూ కూడా తినేస్తారు. వీళ్ల అమ్మలకి నేనేం చెప్పుకోవాలిప్పుడు?"

తోషా అనే బొద్దుపిల్ల సాక్ష్యం కోసం నాలుక బయటపెట్టింది. అదీ నీలమే. నాకు నవ్వాగలేదు. టీచర్ కూడా నవ్వబోయి, తను కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకుంది. నా కొంప మునిగింది అప్పుడే.

ఆమె పేరు బోగ్నా. ఆ తర్వాత ప్రతి బుధవారం పిల్లల బడికి కాగితాలు నేనే మోసుకెళ్లాను. అక్కడ పిల్లల చేతికి మొద్దు కత్తెరలే ఇస్తారు. నాలుగు మడతలేసిన కాగితం తెగాలంటే పదునైన కత్తెర పట్టే పెద్ద చెయ్యొకటి కావాలి. ఆ చెయ్యి నాదయింది. కోళ్లు, నక్షత్రాలు, క్రిస్మస్ చెట్టుకి చుట్టే గొలుసులు, అమ్మమ్మల రోజుకి కార్డులు, అడిగినవన్నీ కత్తిరించాను.

"కయేతన్‌గారూ, ఇది కోడా, విమానమా?"

"కోడేనండీ. ఎగరబోతోంది."

"కాళ్లు పెట్టడం మర్చిపోయారు. పాపం, దిగేదెలా?"

పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఆమె నాకు నిమ్మకాయ ముక్క వేసిన టీ, గసగసాల కేకు పెట్టేది. ఏడు నెలలు ఒకరినొకరం 'మీరు, మీరు' అనుకుంటూనే గడిచిపోయాయి. చెప్పాల్సింది ఒక్క మాట. షాపులో అద్దం ముందు వందసార్లు చెప్పుకున్నాను. ఆమె ఎదుటికి వెళ్లగానే కాగితాల ధరల గురించి మాట్లాడేవాణ్ణి. సర్లే, వచ్చే బుధవారం చూద్దాం అనుకునేవాణ్ణి. నాలాంటి పిరికి సన్నాసి మా జిల్లాలోనే ఉండడు.

ఫిబ్రవరిలో టౌన్‌హాలు నుంచి ఉత్తరం వచ్చింది. పందొమ్మిది మంది పిల్లలు కాస్తా ఏడుగురయ్యారు, ఏడుగురి కోసం అంత భవనాన్ని వెచ్చబెట్టలేం, మార్చి నెలాఖరుకి మూసేస్తాం అని. పిల్లలేమో పక్క ఊరి బడికి. బోగ్నాకి ఐదు గంటల ప్రయాణం దూరంలో గ్దీనియాలో ఉద్యోగం దొరికింది.

"మంచిదేగా" అన్నాను. అంతకంటే దిక్కుమాలిన మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

"మంచిదేనంటారా?" అంది నా మొహంలోకి చూస్తూ.

"సముద్రం ఉంటుంది కదండీ."

"ఆఁ. సముద్రం ఉంటుంది" అని అటు తిరిగి, గోడకి అంటించిన కాగితం పువ్వుల్ని ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది.

మార్చి ఇరవైన మజాన్నాని తయారుచేశాం. ఏటా చలికాలం పోవాలని మర్నాడు నదిలో ముంచే బొమ్మ అది. గడ్డి మొండెం, పేపర్ ప్లేటు మొహం, ముడతల కాగితం గౌను. ఆ ఏడాది బోగ్నా ఇంకోటి చెప్పింది. "మీకేది వదిలిపోవాలో చీటీ మీద గీసి దీని కడుపులో పెట్టండి. దాంతో పాటే కొట్టుకుపోతుంది."

తోషా తన దగ్గు గీసింది. అదేమిటో గోళీల సంచిలా ఉంది. ఒకడు ఇంజెక్షన్ గీశాడు. ఇగ్నాష్ గిన్నె నిండా ఎర్రరంగు పులిమాడు.

"ఏంట్రా ఇది?"

"బీట్‌రూట్ సూప్, టీచర్."

"అది వదిలిపోదు నాన్నా. రేపు మధ్యాహ్నం కూడా అదే."

వాడు బావురుమన్నాడు. వాణ్ణి ఊరుకోబెట్టి ఆమె కూడా ఒక చీటీ రాసి, బాగా చిన్నగా మడిచి బొమ్మలో దోపింది.

"మీరూ రాయండి."

"వదిలించుకోవాల్సినవి నాకేం లేవండీ."

"అదృష్టవంతులు" అంది. పిల్లల్ని చేతులు కడిగించడానికి తీసుకెళ్లింది.

పొట్ట కుట్టే పని నాది. గడ్డి సర్దుతుంటే చీటీ ఒకటి జారి ఒళ్లో పడింది. విప్పకూడదు. విప్పాను. ఆమె గుండ్రటి చేతిరాత. కయేతన్.

ఇంకేమీ లేదు, నా పేరొక్కటే. దగ్గూ, ఇంజెక్షనూ, బీట్‌రూట్ సూపూ, నేనూ. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్లూ నన్ను భరించిందన్నమాట. ఆ టీ, ఆ కేకు, అంతా మర్యాద కోసమేనన్నమాట. చీటీని మళ్లీ మడిచి లోపల పెట్టి కుట్టేశాను. ఎక్కడ ఊడుతుందోనని రెండు వరసలు కుట్టాను.

"అయిందా?" అంటూ వచ్చింది. "అదేంటండీ, మొహం అలా ఉంది?"

"సూది గుచ్చుకుంది."

మర్నాడు నది దగ్గరికి వెళ్లకూడదనుకున్నాను. కానీ బొమ్మని మోసేదెవరు? సన్నగా తుంపర పడుతోంది. ముందు బోగ్నా, ఆమె వెంట రబ్బరు బూట్లేసుకుని ఏడుగురూ పాట పాడుతూ నడుస్తున్నారు. వెనక నేను, నా పేరున్న బొమ్మని కర్రకి కట్టి భుజాన వేసుకుని. నా అంతిమయాత్రకి నేనే మోతగాణ్ణి.

కట్టు విప్పి నీళ్లలోకి విసిరాను. పిల్లలు కేకలేశారు.

"ఇంక వెనక్కి చూడొద్దు!" అని అరిచింది తోషా. "చూస్తే చలికాలం మన వెంటే ఇంటికొచ్చేస్తుంది!"

పిల్లలు చేతులు పట్టుకుని గట్టు మీదికి నడిచారు. వాళ్ల వెనకే నేను. నా మొహం మీదున్నది వాననీరని ఎవరైనా అనుకుంటారులే అని ఏడుస్తూనే నడిచాను. పది అడుగులేశానో లేదో, వెనక నీళ్లలో ఎవరో దిగిన చప్పుడు.

వెనక్కి చూశాను. నాకు కొత్తగా చెడేదేముంది?

బోగ్నా మోకాలి లోతు నీళ్లలో ఉంది. నేను వదిలేసిన కర్రతో బొమ్మని అందుకోవాలని చూస్తోంది. మజాన్నా అప్పటికే నడి ప్రవాహంలోకి వెళ్లిపోయింది.

"పిల్లలూ, అక్కడే నిలబడండి! ఎవరూ కదలొద్దు, వెనక్కి చూడొద్దు!" అని అరిచి పరుగెత్తాను. ఆమె చెయ్యి పట్టి ఒడ్డుకి లాగాను. "పిచ్చా మీకు? మంచు కరిగిన నీళ్లండీ అవి!"

"నా చీటీ కావాలి."

"ఎందుకూ? వదిలించుకోవాలనేగా పెట్టారు!"

ఆమె నిర్ఘాంతపోయి చూసింది. "చదివావా?"

"చదివాను."

"చదివి, కుట్టేశావా?"

"రెండు వరసలు."

తడి చేత్తో నా గుండెల మీద ఒక్కటిచ్చింది. "ఏడు నెలలు! ప్రతి బుధవారం ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అని చూశాను. నోరు విప్పవు. వెళ్లిపోతున్నానంటే సముద్రం ఉంటుందంటావు! నిన్ను తలుచుకుంటూ అక్కడెలా బతకాలి? మర్చిపోదామని రాశాను. బొమ్మ కొట్టుకుపోతుంటే చూడలేకపోయాను."

"నేనంటే పడదేమో అనుకున్నా."

"నీ తలకాయ."

"నువ్వంటే నాకు ప్రాణం బోగ్నా. మొదటి రోజు నుంచీ."

"ఇప్పుడా చెప్పేది?" అని భోరుమంది. "సంతకం పెట్టేశాను. గది తీసుకున్నాను. శనివారం బస్సు. ఉండిపోదామన్నా ఇక్కడ బడే లేదు కదా!"

"నేనొస్తాను."

"షాపు?"

"బడి లేని ఊళ్లో రంగుకాగితం ఎవడు కొంటాడు? అదీ పోయేదే."

"అక్కడికొచ్చి ఏం చేస్తావు?"

"తెలీదు."

"నువ్వు రావు. ఒక్క మాట చెప్పడానికి ఏడు నెలలు పట్టినవాడివి" అంది వెక్కుతూ. అయినా చెయ్యి వదల్లేదు. వణుకుతోంది. నా కోటు విప్పి ఇద్దరికీ కప్పాను. నన్ను నమ్మమని చెప్పడానికి నా దగ్గర ఒక్క రుజువూ లేదు.

గట్టు మీద ఏడుగురు పిల్లలు మాకు వీపు పెట్టి, చేతులు పట్టుకుని, వానలో బుద్ధిగా నిలబడి ఉన్నారు. ఎవరూ తల కూడా తిప్పలేదు.

"టీచర్," అంది తోషా అటే చూస్తూ, "ఇప్పుడు వెనక్కి చూడొచ్చా?"

"ఇంకాసేపు వద్దమ్మా" అంది బోగ్నా, నా కోటులోంచి.