మూడో వరసలో కదిలే పరంజా

ఆ షెడ్డులో మూడో వరస అంటే చాలు, మొనగాళ్లు కూడా దణ్ణం పెట్టుకుని గానీ అటు అడుగేసేవాళ్లు కాదంట.

ఇళ్లని గదులు గదులుగా తయారుచేసి లారీలకెక్కించే ఫ్యాక్టరీ అది. మూడో వరసలో చక్రాల పరంజా ఎక్కితే... దానంతటదే కదిలేది. దెయ్యమే తోస్తోందని ఊరంతా అనేది. ఏడాదిలో ముగ్గురు పడ్డారు. మూడోవాడు సీలింగు పనివాడు. తుంటి విరిగి మంచాన పడ్డాడు. వాడి పెళ్లాం అక్కడే రంగులేస్తుంది.

"దెయ్యానికి జడిసి తనే దూకాడు" అని సూపర్‌వైజరు కాగితం రాసేశాడు.

తనే దూకినోడికి మళ్లీ పనెవడిస్తాడు? తెల్లారి దానిమీద ఓనరు సంతకం పడిందా... ఇక ఇంటిల్లిపాదీ రోడ్డు మీదే.

ఆ రాత్రి షిఫ్టులో ఆవిడ సూపర్‌వైజర్ని నిలదీసింది.

"సార్, దెయ్యాన్ని మీరు చూశారా?"

"చూడాలా ఏంటి? ఊరంతా చెప్తుంటే!"

"ఓసారి ఎక్కి చూపించండి. మీకు భయమేంటి, మీసాలున్నాయిగా!"

చుట్టూ ఉన్నోళ్లు కిసుక్కుమన్నారు. ఇక తప్పుతుందా? ఎక్కాడు.

"ఏదే నీ దెయ్యం?" అంటూ పైన దూలం పట్టుకుని ఓ ఊపు ఊగాడు.

కిర్... కిర్...

"ఎవర్రా తోసింది?"

ఎవరూ తోయలేదు. అందరూ పదడుగుల అవతలున్నారు. పరంజా మెల్లగా జారింది... జారి, కాళ్ల కిందనుంచే వెళ్లిపోయింది. సార్ దూలానికి సొరకాయలా వేలాడుతున్నాడు.

"దె... దెయ్యం! బాబోయ్!"

ఆవిడ వంగి, సెల్లు లైటేసింది.

"దెయ్యానికి నాలుగు చక్రాలున్నాయి సార్. బ్రేకే లేదు. దిగి జరుపుకుంటే టైం వేస్టని, పైన దూలం పట్టుకుని పడవలా లాక్కుంటూ పొమ్మని, ఓనరే పీకించాడుగా! నేలేమో కాలవ వైపు వాలు..."

"చేతులు జారిపోతున్నాయే తల్లీ! పరంజా ఇటు తొయ్యి!"

"మరి కాగితం?"

"మార్చి రాస్తానే!"

తోసింది. చక్రానికి కాలడ్డం పెట్టి దింపింది. ఆయన అక్కడే ఉన్నదున్నట్టు రాశాడు — బ్రేకులు లేక పడ్డాడు, పీకించింది ఓనరు గారే.

పొద్దున ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టుకుని ఓనరు ఆ కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. లేచి, తలుపు గడియ పెట్టాడు.

"అయ్యో పాపం..." అన్నాడు ఆవిడతో, గుసగుసగా. "ఈయన్ని కూడా దెయ్యం పట్టిందన్నమాట."

ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి, సొరుగులోంచి 'దెయ్యం పట్టినందున పన్లోంచి తీసేశాం' అని ముందే అచ్చేసినవి రెండు తీశాడు.

ఒకటి ఆవిడ మొగుడికి...

ఇంకోటి సూపర్‌వైజరుకి.